పాతది కొనాలా, ఉన్నది బాగు చేసుకోవాలా?



మీ బండి వెనక షాక్ పోయిందనుకోండి. కొత్తది దొరకదు. మెకానిక్ రెండు దార్లు చెప్తాడు. ఎవరిదో విప్పేసిన బండిలోంచి తీసిన పాత షాక్ తెచ్చి బిగించడం ఒకటి. మీ షాక్‌నే విప్పి, లోపల పాడైనవి మార్చి, మళ్ళీ అదే బిగించడం రెండోది. ఖర్చు కొంచెం అటూ ఇటూ. మీరైతే ఏం చేస్తారు?

ధమ్మం గురించి చెప్పుకునే చిన్న పుస్తకంలో ఇదేం సంగతి అని మీకు అనిపించొచ్చు. శీలం అనగానే మనకి పెద్ద పెద్ద విషయాలే గుర్తొస్తాయి. హత్య, దొంగతనం, అబద్ధం. నిజానికి మనలో చాలామందికి హత్య చేసే అవసరం జీవితంలో ఒక్కసారి కూడా రాదు. కానీ మనం బిగించిన బోల్టు మీద ఇంకో మనిషి కూర్చునే సందర్భం రోజూ వస్తుంది. నేను బి.ఏ. చదివినవాణ్ణి, యంత్రాల సంగతి నాకు అంతంత మాత్రం. అయినా ఒక ఇనప గొట్టం గురించి 11 రోజులు తల పట్టుకున్నాను. ఆ 11 రోజుల సంగతే ఇది.

మాది తెనాలి. బండి కొని 12 ఏళ్ళయింది. వెనక రెండు షాక్‌లు ఉండే రకం కాదు, సీటు కింద ఒకటే ఉంటుంది, మోనోషాక్ అంటారు. దాని మీద నేను పెట్టిన బరువు కంపెనీవాళ్ళు చూస్తే ఏడుస్తారు. ట్యాంకు మీద ఒక సంచి, సీటు చివర పుస్తకాల కట్ట, మధ్యలో ఒక మనిషి. ఆ మనిషి చాలాసార్లు మా మాస్టారే. ఆయనకి 74 ఏళ్ళు. తెలుగు చెప్పి రిటైరయ్యారు. వెన్నుపూస అరిగిందని నడుముకి బెల్టు పెట్టుకుంటారు. ఏ పల్లెలో మీటింగు పెట్టినా "నేనూ వస్తాను, పదవయ్యా" అని చెప్పులేసుకుంటారు.

కిందటి ఏడాది వర్షాలు వెనకబట్టాక ఒక సాయంత్రం ఇద్దరం మీటింగు ముగించుకుని వస్తున్నాం. కాలవ వంతెన ఎక్కే చోట రోడ్డుకీ వంతెనకీ మధ్య అర అడుగు గుంట ఉంటుంది. రోజూ దాటేదే. ఆ రోజు మాత్రం బండి దిగి, లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ లేచింది. ఎదురుగా గడ్డి వేసుకొచ్చే ట్రాక్టరు. బ్రేకు తొక్కితే వెనక చక్రం నేల మీద నిలబడకుండా గెంతుకుంటూ పక్కకి జారింది. ఎలాగో ఆపాను. మాస్టారు ఏమీ అనలేదు. మెల్లగా దిగి, వంతెన ఆ చివరిదాకా నడిచివెళ్ళి, అక్కడ నిలబడి నాకోసం చూశారు. తిట్టినా బాగుండేది.

మర్నాడు మెకానిక్ తమ్ముడు సీటు మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కి వదిలాడు. బాగున్న షాకైతే ఒకసారి పైకొచ్చి ఆగిపోవాలి. నాది ఉయ్యాలలాగా ఊగింది. కిందకి వంగి వేలు పెట్టి చూపించాడు. నల్లటి జిడ్డు, దాని మీద దుమ్ము. "షాక్ ఖాళీ అన్నా. నువ్వు ఇన్నాళ్ళూ ఒట్టి స్ప్రింగు మీద తిరుగుతున్నావు" అన్నాడు.

ఈ మాట అర్థం కావాలంటే షాక్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. బయటికి మనకి కనబడేది స్ప్రింగు. అది బరువు మోస్తుంది. గుంట తగిలితే ఆ దెబ్బని తనలోకి తీసుకుంటుంది. కానీ తీసుకున్నదాన్ని అరిగించుకోలేదు, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. అందుకే ఒట్టి స్ప్రింగు మీద బండి గెంతుతూనే ఉంటుంది. స్ప్రింగు మధ్యలో ఒక గొట్టం, గొట్టం నిండా నూనె, ఆ నూనెలో ఒక రాడ్డు చివర బిళ్ళ ఉంటాయి. ఆ బిళ్ళకి సన్నటి కంతలు. రాడ్డు లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా నూనె ఆ కంతల్లోంచి కష్టపడి దూరుతుంది. అలా దూరడంలో దెబ్బ వేడిగా మారిపోతుంది, ఆ వేడి గాల్లో కలిసిపోతుంది. దెబ్బకి దెబ్బ తిరిగి ఇవ్వకుండా కరిగించేది ఆ నూనే. (మనుషుల్లో కూడా స్ప్రింగు రకం వాళ్ళూ నూనె రకం వాళ్ళూ ఉంటారు. నేను మొదటి రకం, మా ఆవిణ్ణి అడిగితే చెప్తుంది.) రాడ్డు గొట్టంలోంచి బయటికొచ్చే చోట ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది పోతే నూనె కారిపోతుంది. చాలా షాకుల్లో నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ గ్యాసు కూడా ఒత్తిడితో నింపి ఉంచుతారు. అదీ పోతుంది. అప్పుడు చక్రం రోడ్డుని వదిలేసి గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న టైరుకి బ్రేకు పనిచేయదు కదా. వంతెన దగ్గర జరిగింది అదే.

కొత్త షాక్ కోసం షోరూంలో అడిగితే ఆ మోడల్ ఆగిపోయింది, సామాను రావడం లేదన్నారు. ఇక మిగిలినవి రెండే. పాత షాక్ అయితే 1,800 రూపాయలు, ఆ రోజే బిగించుకుని వెళ్ళిపోవచ్చు. ఉన్నది బాగు చేయిస్తే 1,600 అవుతుంది, నాలుగు రోజులు పడుతుంది. వీటి మధ్య తేడా 5,000 ఉంటే డబ్బే తేల్చేసేది, నేను ఇంత ఆలోచించేవాణ్ణి కాదు.

పాతది చూద్దామని విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. మీలో చాలామంది చూసే ఉంటారు. 1960ల్లో మొదలైన పేట అది. లారీ బాడీ కట్టే షెడ్లు, లేత్ మెషిన్లు, పాత ఇంజన్లు, పేరు తెలియని ఇనప ముక్కలు. ఒక కొట్లో షాక్‌లన్నీ వరసగా వేలాడదీసి ఉన్నాయి. డీజిల్‌తో శుభ్రంగా కడిగారు. స్ప్రింగులకి కొత్తగా పసుప్పచ్చ రంగు వేశారు. నా మోడల్‌దే ఒకటి తీసి చేతిలో పెట్టాడు.

"ఇది ఎక్కణ్ణించి వచ్చింది బాబూ?" అన్నాను.

"లాట్లలో వస్తాయి సార్. యాక్సిడెంటు బళ్ళు కొన్ని, ఊరికే విప్పేసినవి కొన్ని. ఏది దేన్లోదో మాకేం తెలుస్తుంది?"

"ఎంత తిరిగిందో?"

"తిరిగినట్టు ఉందా చెప్పండి? రంగు చూడండి."

"రంగు సరే, లోపల ఎలా ఉందంటావు?"

"లోపల సంగతి దేవుడికే తెలియాలి సార్" అన్నాడు నవ్వుతూ. మన పుస్తకాలు చదివేవాళ్ళకి ఆ జవాబు పనికిరాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

అతన్ని నేను తప్పు పట్టడం లేదు. మోసం చేయాలనుకున్నవాడైతే "ఒక డాక్టరుగారి బండిదండీ, 5,000 కిలోమీటర్లే తిరిగింది" అని కథ చెప్పేవాడు. ఇతను తెలియదన్నాడు. నిజమే చెప్పాడు. నాకు ఆలోచన మొదలైంది ఆ "తెలియదు" దగ్గరే.

ఇంటికొచ్చి చెప్తే మా బావమరిది, "యాక్సిడెంటు బండి సామాను వద్దు బావా, అరిష్టం" అన్నాడు. ఆ మాట చాలామంది అంటారు. బండి మీద ఎవరో పోయి ఉంటే ఆ ఇనుముకి ఏదో అంటుకుంటుందని. బుద్ధుడు కమ్మం అంటే చేతన అన్నాడు. మనసులోని ఉద్దేశమే కమ్మం. గొట్టానికి ఉద్దేశం ఉండదు, దానికి పాపమూ అంటదు, పుణ్యమూ అంటదు. కానీ వంకర మాత్రం అంటుతుంది. లారీ గుద్దినప్పుడు రాడ్డు కంటికి కనబడనంత వంగినా సరే, కొత్త సీలుని అది కొన్నాళ్ళకే ఒక పక్కన కోసేస్తుంది. బావమరిది భయం తప్పు, జాగ్రత్త మాత్రం తప్పు కాదు. మన పెద్దవాళ్ళ మూఢనమ్మకాల్లో ఇలాంటివి కొన్ని ఉంటాయి. కారణం తప్పుగా చెప్తారు, తప్పించుకోవాల్సిన గుంట మాత్రం నిజంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆ "తెలియదు" సంగతి చూడండి. బండి విప్పినవాడికి షాక్ లోపల సంగతి తెలియదు. వాడు కొట్టువాడికి అమ్ముతాడు. కొట్టువాడికి తెలియదు, నాకు అమ్ముతాడు. బిగించే మెకానిక్‌కి తెలియదు, "నువ్వు తెచ్చావు, నేను బిగించాను" అంటాడు. నాకు తెలియదు, అయినా నా పని ఆగకూడదు. ఇలా ఒకరి తర్వాత ఒకరం ఆ తెలియనితనాన్ని కిందకి దింపుకుంటూ వస్తాం. చివరికి అది ఎవరి మీద పడుతుంది? వెనక కూర్చున్న మాస్టారి మీద. మిగతా అందరికీ కనీసం తమకి తెలియదన్న సంగతి తెలుసు. ఒప్పుకోవాలో మానాలో తేల్చుకునే వీలుంది. ఆయనకి అసలు అలాంటి ప్రశ్న ఒకటుందనే తెలియదు. నన్ను నమ్మి కాలు ఎత్తి కూర్చుంటారు.

నా ఒంటి మీద నేను పందెం కాసుకుంటే అది నా తెలివితక్కువతనం. ఆయన ఒంటి మీద, ఆయనకి చెప్పకుండా కాస్తే దాన్ని తెలివితక్కువతనం అని వదిలేయగలమా? మొదటి శీలం ప్రాణికి హాని చేయనని కదా. హాని చేయాలన్న ఉద్దేశం నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ చూసే వీలుండి చూడకపోవడం కూడా మనసు చేసే పనే. అప్పమాదం, అంటే ఏమరుపాటు లేకుండా ఉండడం, బుద్ధుడు చివరి మాటల్లో కూడా చెప్పింది దాని గురించే.

అంగుత్తర నికాయంలో ఒక కథ ఉంది. బుద్ధుడు వారణాసి దగ్గర ఇసిపతనంలో చెప్పాడు. పచేతనుడనే రాజు తన రథకారుణ్ణి పిలిచి, ఆరు నెలల్లో యుద్ధం వస్తుంది, ఒక జత చక్రాలు చేసిపెట్టు అంటాడు. ఆరు నెలలకి ఆరు రోజులు తక్కువ అనేసరికి ఒకటే పూర్తవుతుంది. రెండోది ఆ మిగిలిన ఆరు రోజుల్లో చేసేస్తాడు. రాజు రెండూ చూసి, వీటిలో నాకేం తేడా కనబడ్డం లేదే అంటాడు. అప్పుడు రథకారుడు రెంటినీ దొర్లిస్తాడు. ఆరు రోజుల చక్రం తోసిన ఊపు ఉన్నంతసేపు వెళ్ళి, తిరిగి తిరిగి పడిపోతుంది. మొదటిది ఊపు ఆగిన చోట ఇరుసుకి బిగించినట్టు నిలబడుతుంది. ఎందుకంటే పడిపోయినదాని అంచులోనూ ఆకుల్లోనూ కుంభంలోనూ వంకరలూ లోపాలూ ఉన్నాయి, బయటికి కనబడవు. బుద్ధుడు ఆ వంకరల్ని శరీరం, మాట, మనసుల వంకరలకి పోల్చాడు. మనం సాధారణంగా ఆ పోలిక దగ్గరికే వెళ్ళిపోతాం. నాకు ఈసారి రథకారుడే నచ్చాడు. ఏది తొందరలో చేశాడో తనే బయటపెట్టాడు. రాజు కనిపెట్టలేకపోయాడు కదా అని ఊరుకోలేదు. రాజు ఎక్కబోయే రథం అది.

సరే, ఇంతా ఆలోచించి కూడా నేను రెండోసారి ఆటోనగర్ వెళ్ళి ఆ పాత షాకే కొనబోయాను. మనిషి అంతే. ఆదివారం భట్టిప్రోలులో మీటింగు ఉంది. స్తూపం దగ్గర పిల్లలతో కార్యక్రమం, మాస్టారు మాట్లాడాలి. నాలుగు రోజులు బండి లేకుండా ఎలా అనిపించింది. డబ్బు తీస్తుంటే కొట్టువాడు, "మీ పాత షాక్ ఇచ్చేయండి సార్, 300 తగ్గిస్తా" అన్నాడు.

నాకు సంతోషం వేసింది, అబద్ధం ఎందుకు. 300 అంటే రెండు వారాల పెట్రోలు ఖర్చులో కొంత. చేతి సంచిలోంచి షాక్ తీసి బల్ల మీద పెట్టాను కూడా. ఊరికే మాటకి అడిగాను. "దీన్నేం చేసుకుంటావు? నూనె అంతా కారిపోయింది కదా."

"కడిగి, పైన సీలు ఒకటి వేసి, రంగేసి తగిలిస్తాం. గుంటూరు, ఏలూరు, ఎక్కణ్ణించో వస్తారు, పట్టుకుపోతారు."

వేలాడే వరస వైపు చూశాను. ఇన్ని రోజులూ నేను భయపడుతున్న షాక్ ఎవరిది? నాలాంటి ఒకడిదే. సీలు పోయిందనీ, దాని మీద పుస్తకాల మూటలు మోశాననీ, వంతెన దగ్గర జారిందనీ వాడికి అన్నీ తెలుసు. 300 తగ్గుతుందని ఇచ్చేసి ఇంటికెళ్ళాడు. "వాడు అడగలేదు, నేను చెప్పలేదు" అనుకుని ఉంటాడు. అబద్ధం ఆడలేదు కాబట్టి నాలుగో శీలం కూడా చెడలేదనుకుని ఉంటాడు. నేను ఇప్పుడు వాడి స్థానంలో నిలబడి ఉన్నాను. నా షాక్ రేపు పసుప్పచ్చ రంగు వేసుకుని ఆ మేకుకి వేలాడుతుంది. ఎల్లుండి ఎవరి భార్యో, ఎవరి పిల్లో దాని మీద కూర్చుంటుంది.

షాక్ మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. కొట్టువాడు ఇంకో 50 తగ్గిస్తానన్నాడు, పాపం.

ఇక్కడ మీలో ఒకరైనా అడుగుతారు. పాత వస్తువుల్ని తిరిగి వాడుకోవడం మంచిదే కదా, భిక్షువులు పాత గుడ్డలే కట్టుకునేవారు కదా అని. నిజమే. వినయ పిటకంలో ఆనందుడి కథ ఉంది, కోసంబిలో జరిగింది. ఉదేన రాజు అంతఃపురం స్త్రీలు ఆనందుడికి 500 వస్త్రాలు దానం చేస్తారు. ఒక్క భిక్షువుకి ఇన్ని బట్టలెందుకు, కొట్టు పెడతాడా అని రాజుకి కోపం వస్తుంది. వచ్చి అడుగుతాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకి పంచుతానంటాడు ఆనందుడు. మరి వాళ్ళ పాత చీవరాలు? దుప్పట్లు చేస్తాం. పాత దుప్పట్లు? పరుపు గలేబులు. ఆ పాత గలేబులు? నేల మీద పరుస్తాం. అవీ పాతబడితే? కాళ్ళు తుడుచుకోడానికి. తర్వాత? దుమ్ము దులపడానికి. ఆ గుడ్డలూ పోతే ముక్కలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో 500 ఇచ్చాడు.

ఈ కథని పొదుపు గురించి చెప్పుకుంటాం. దాన్లో ఇంకోటి కూడా ఉంది, గమనించండి. ప్రతిసారీ గుడ్డ ఒక మెట్టు దిగింది. చిరిగిన చీవరాన్ని రంగు వేసి ఇంకో భిక్షువుకి కొత్త చీవరమని ఎవరూ ఇవ్వలేదు. దాని బలం ఎంత మిగిలిందో చూసి అంత పని చెప్పారు. పాత షాక్ అమ్మేవాడు ఆ పని చేస్తే, అంటే లోపల చూసి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని వేరు చేసి, పనికిరానిదాన్ని కాటాకి పంపితే, నేను అతని దగ్గరే కొంటాను. సంతోషంగా కొంటాను.

అదే సందులో నాలుగు కొట్ల అవతల ఒకాయన లారీ జాకీలు, హైడ్రాలిక్ గొట్టాలు బాగు చేస్తాడు. బండి షాక్‌లు కూడా విప్పుతాడని మా మెకానిక్ చెప్పాడు. ఆయన నన్ను ముందే హెచ్చరించాడు. అన్ని షాక్‌లూ విప్పడానికి వీలుగా ఉండవు, కొన్ని కంపెనీలోనే అంచు మడిచి మూసేస్తారు, వాటిని లేత్ మీద కోసి మరలు వేయాలి. గ్యాసు ఉన్నదాన్ని ఊరికే కోస్తేనో వేడి చేస్తేనో పేలుతుంది. స్ప్రింగుని కూడా పట్టీ లేకుండా విప్పితే ఎగిరి మొహం పగలగొడుతుంది. "ఇంట్లో యూట్యూబు చూసి చేయకండి" అన్నాడు. బాగు చేయించుకోవడం అనే మంచి మాట వెనక అతని చేతులూ కళ్ళూ కూడా ఉన్నాయని అప్పటిదాకా నాకు తట్టలేదు.

నా ఎదురుగానే విప్పాడు. సీలు గట్టిపడి ప్లాస్టిక్ ముక్కలా ఉంది. మిగిలిన కొంచెం నూనె నల్లగా నీళ్ళలా ఉంది. రాడ్డు తుడిచి నా చేతికిచ్చి, గోరుతో గీకి చూడమన్నాడు. ఒక చోట గోరు తట్టుకుంది. సన్నటి తుప్పు గుంటలు, ఒక వరస. "బురద పట్టి ఉండిపోయిందండీ. కడగలేదా ఎప్పుడూ?"

కడగలేదు. ఏదైనా ఊరికే జరగదని, దీనివల్ల అది జరుగుతుందని ఊరూరా తిరిగి చెప్తాను కదా. బురద ఉండిపోయింది కాబట్టి తుప్పు, తుప్పు ఉంది కాబట్టి సీలు కోసుకుపోయింది, సీలు పోయింది కాబట్టి నూనె పోయింది, నూనె పోయింది కాబట్టి వంతెన దగ్గర మాస్టారు దిగి నడిచారు. ఒక చెంబు నీళ్ళ దగ్గర ఆగిపోవాల్సిన వరస అది.

రాడ్డు అలా ఉంటే కొత్త సీలు వేసినా మూడు నెలలు కూడా ఉండదని చెప్పాడు. కొత్త రాడ్డు తిప్పించి క్రోమ్ వేయించాలి. 1,600 కాస్తా 2,700 అయింది. నాలుగు రోజులు ఎనిమిదయ్యాయి. నాలుగు కొట్ల ఇవతల 1,800కి ఆ పసుప్పచ్చది వేలాడుతూనే ఉంది. బాగు చేయించుకోవడం ఎప్పుడూ చవక అని ఎవరైనా చెప్తే నమ్మకండి. నేను 900 ఎక్కువ పెట్టాను. ఆ 900కి నాకు దొరికింది లోపల ఏముందో చూడడం, అంతే.

ఒరిజినల్ షాక్ నిలబెట్టుకున్నావన్నమాట అని మిత్రుడొకడు మెచ్చుకున్నాడు. ఆ మాట ఒప్పుకోను. మిలింద రాజుతో నాగసేనుడు రథం గురించి ఏం మాట్లాడాడో మీకు తెలుసు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, చట్రం రథమా అని అడుగుతూ పోయి, ఇవన్నీ కూడితే రథమని పిలుస్తున్నాం తప్ప అందులో వేరే రథం లేదంటాడు. నా షాక్‌లో రాడ్డు కొత్తది, సీలు కొత్తది, నూనె కొత్తది, గ్యాసు కొత్తది, కింది బుష్ కూడా కొత్తది. మిగిలింది గొట్టం, స్ప్రింగు. ఇందులో ఒరిజినల్ ఎక్కడుంది? ఒరిజినల్ అన్న మమకారంతో పాడైన రాడ్డు మీదే కొత్త సీలు వేయించేవాళ్ళని చూశాను. కంపెనీ ముద్ర ఉందని పాత షాక్ కొనేవాళ్ళనీ చూశాను. ఇద్దరూ పేరునే పట్టుకున్నారు.

పాతదే కొనాల్సిన సందర్భాలు కూడా ఉంటాయి. మీ గొట్టం లోపల గీతలు పడి ఉంటే ఎంత బాగుచేసినా దండగ. తెలిసినవాళ్ళ బండి ఇంజన్ పోయి మూలనపడితే, అది ఎలా తిరిగిందో మీరు చూసి ఉంటే, దాని షాక్ మీ షాక్ కన్నా నమ్మదగ్గదే. అప్పుడు కూడా కొన్ని చూడండి. రెండు చివర్ల కళ్ళ మధ్య కొలత మీదానితో సమానంగా ఉందా? రాడ్డు మీద గోరు తట్టుకుంటోందా? స్ప్రింగు తీయించి రాడ్డు చేత్తో నొక్కితే ఒకే బిగువుతో మెల్లగా లోపలికి వెళ్ళాలి. మధ్యలో ఖాళీగా జారినా, గుటకలు వేసిన శబ్దం వచ్చినా లోపల గాలి చేరినట్టు. గ్యాసు రకమైతే వదలగానే తనంతట తను నెమ్మదిగా బయటికి రావాలి. రబ్బరుకి మాత్రం వయసు ఉంటుంది, బండి తిరగకపోయినా సీలు గట్టిపడుతుంది. ఇంకో మాట, బాగు చేయించుకున్నంత మాత్రాన అన్నీ తెలిసినట్టు కాదు. మీరు లేనప్పుడు విప్పి, ఏదో ఇంజన్ ఆయిల్ పోసి, గ్యాసు నింపకుండా మూసిన షాక్ కన్నా ఆ పసుప్పచ్చదే నయం కావచ్చు.

భట్టిప్రోలు మీటింగుకి రేపల్లె రైలెక్కి వెళ్ళాం. నేను పుస్తకాల మూట భుజాన వేసుకుంటే, మాస్టారు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, "ఇన్నేళ్ళూ ఈ రైలు గుర్తు రాలేదేం మనకి?" అన్నారు.

షాక్ వచ్చిన రోజు పాత రాడ్డు అడిగి తీసుకున్నాను. అది కాటాకి వెళ్తుందని తెలుసు, అక్కణ్ణించి ఎటు వెళ్తుందో తెలియదు. రెండు ముక్కలు చేసివ్వమన్నాను. ఆయన వింతగా చూసి, కోసిచ్చి, డబ్బు తీసుకోలేదు. ఒక ముక్క ఇప్పుడు మా పెరట్లో జామకొమ్మకి ఊతంగా ఉంది.

పది రోజులు మాస్టారికి చెప్పకుండా ఒక్కణ్ణే తిరిగాను. తర్వాత సీటు మీద 50 కిలోల బియ్యం బస్తా కట్టుకుని ఆ వంతెన మీంచే నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. అప్పుడు వాళ్ళింటికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. సీలు పోయిన సంగతి, నేను కడగని సంగతి, ఏవేం మార్చారో, ఎన్నాళ్ళుంటుందని చెప్పారో. బల్ల మీద షాక్ పెట్టి 300కి ఒప్పుకోబోయిన సంగతి కూడా చెప్పాను. ఎక్కుతారా, రైల్లో వెళ్దామా అని అడిగాను.

మాస్టారు ఏమీ అనకుండా బయటికొచ్చారు. వంగి సీటు కింద ఒకసారి చూశారు. రెండు చేతులూ సీటు మీద వేసి బలంకొద్దీ నొక్కి వదిలారు. అది ఒకసారి లేచి ఆగింది. ఇంకోసారి నొక్కారు. తర్వాత పంచె ఎగ్గట్టుకుని, నా భుజం పట్టుకుని ఎక్కి కూర్చున్నారు.